లాభం, రెండు, మూడు

నాకు కాఫీ పడదు. ఆ చేదూ పడదు, ఆ వాసనా పడదు. అయినా డిగ్రీ చేతికొచ్చేదాకా బయట ఎక్కడ, ఏ హోటల్లో కూర్చున్నా నేను తాగింది కాఫీయే. ఎందుకంటే ‘టీ’ అనే మాట నా నోట్లోంచి వచ్చేది కాదు.

నాకు నత్తి. అన్ని అక్షరాలతోనూ గొడవ లేదు. త, ట, ఈ రెండే నాకు పగవాళ్లు. మాట మొదట్లో వీటిలో ఏదొచ్చినా సరే, నాలుక పైకి పోయి అంటుకుపోతుంది, ఇక దిగదు. ఎదురుగా ఉన్నవాళ్లు మర్యాదస్తులైతే నేల చూపులు చూస్తారు. కానివాళ్లైతే మిగతా మాట వాళ్లే పూర్తి చేస్తారు. ఈ రెండో రకం వాళ్లంటే నాకు ఒళ్లు మంట. నేను “త... త...” అంటుంటే “తమలపాకులా?” అని అందిస్తారు. నేను అడగబోయింది తాళంచెవి. పోనీలే అని తమలపాకులే తీసుకుని వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

అందుకని దొంగదారులు నేర్చుకున్నాను. తలుపు అనకుండా వాకిలి అనేదాన్ని. తమ్ముణ్ణి ‘మా చిన్నోడు’ అనేదాన్ని. ‘తెలియదు’ అనలేక ‘ఏమో’ అనేదాన్ని, దాంతో బళ్లో నాకు పొగరుబోతు పిల్ల అని పేరొచ్చింది. టీ బదులు కాఫీ. మాటల్లో నేను ఎన్ని సందులు తిరిగి ఇంటికి చేరేదాన్నో ఎవరికీ తెలియదు. మా నాన్న సహా.

మాది నరసరావుపేటలో పప్పుల కొట్టు, దాని వెనకే ఇల్లు. బెల్లంకొండ నుంచి, గురజాల నుంచి రైతులు కందులూ మినుములూ తెచ్చి వేస్తారు, ఊళ్లోవాళ్లు వచ్చి కొనుక్కుపోతారు. కొట్టు ముందు భాగంలో నాన్న కూర్చుంటాడు, ఆయన పక్కన కుర్చీలో నాయనమ్మ కూర్చుంటుంది. నాన్న నన్ను ఒక్కనాడు కసురుకోలేదు. ఎవరైనా బేరానికి రాగానే నా వైపు తిరిగి, “నువ్వెందుకులే అమ్మా ఎండలో, లోపల పేకెట్లు కట్టుకో” అనేవాడు. కొట్టు ముందర ఎండ ఎక్కడుంది? రేకుల షెడ్డు వేయించింది ఆయనే. ఆ ప్రేమ చూస్తే ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది.

డిగ్రీకి గుంటూరు వెళ్లాను. రెండో భాషగా ఏం తీసుకుంటావంటే ఫ్రెంచి అన్నాను. ఇంట్లో వాళ్లు నోళ్లు తెరిచారు. మార్కులు బాగా పడతాయంట అని చెప్పి తప్పించుకున్నాను కానీ అసలు సంగతి వేరు. ఆ క్లాసుకి ఒకసారి ఊరికే తొంగిచూశాను. ముప్ఫై మంది పిల్లలు ఒక వాక్యం చదవడానికి నానా తంటాలు పడుతున్నారు. ఆగుతున్నారు, మింగుతున్నారు, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడుతున్నారు. అందరూ నత్తివాళ్లే! అంత మంది నా వాళ్లని ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. ఆ గుంపులో కలిసిపోతే నన్ను ఎవడు గుర్తుపడతాడు? హాయిగా వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను.

హాయి ఎన్నాళ్లో ఉండలేదు. మిగతావాళ్లంతా నెమ్మదిగా బాగుపడ్డారు. నేను నాలాగే మిగిలిపోయాను.

మాకు ఫ్రెంచి చెప్పిన మేడం యానాం ఆవిడ. ముక్కుతో పలికే ఫ్రెంచి మాటల మధ్య “ఆయ్” అంటూ గోదావరి తెలుగు దొర్లించేది. మూడో సంవత్సరంలో ఒక పాఠం వచ్చింది, పొలాల్లో బతికిన ఒక కుటుంబం గురించి. వాళ్లు రోజంతా పనిచేసేవాళ్లు అని ఒక వాక్యం. అందులో ‘పనిచేసేవాళ్లు’ అన్న మాటని మేడం బోర్డు మీద రాసింది: travaillaient.

పదమూడు అక్షరాలు. ఒక్కొక్కరినీ లేపి చదివించింది. ఒకడు ట్రావైల్లైయెంట్ అన్నాడు. ఇంకొకతె ట్రవెల్లియంటు అంది, చివర ఉకారం కూడా తగిలించి. మనకి రాసిన ప్రతి అక్షరమూ పలకాల్సిందే కదా, వదిలేస్తే దాన్ని అవమానించినట్టు ఉంటుంది.

“ఆయ్, అలాక్కాదండి,” అని మేడం సుద్దముక్కతో ఆ మాట మధ్యలో రెండు గీతలు గీసింది. “పద్యానికి గణాలు విడగొట్టేవారు కదా, అలాగే ఇదీ విడగొట్టుకోండి. ముక్కలు మూడే. మొదటిది త్ర. టకారం కాదండోయ్, మన తకారమే. ర మాత్రం గొంతులోంచి రావాలి, నీళ్లు పుక్కిలించినట్టు. రెండోది వ. మూడోది యె. చివర ఉన్న ఇ, ఎన్, టి ముగ్గురూ చుట్టపుచూపుగా వచ్చినోళ్లు, నోరు మెదపరు. త్ర, వ, యె. మూడిటికీ ఒకటే తూకం, ఆఖర్దాన్ని ఒక్క పిసరు సాగదీయండి.”

క్లాసంతా త్రవయె త్రవయె అంది. నేను పెదాలు కదిపాను. ఇంగ్లీషు టకారం బెడద పోయి ఫ్రెంచి తకారం వచ్చిపడింది. నాకు రెండూ ఒకటే. పైగా దాని పక్కనే ‘అంతా’ అనే అర్థంలో ‘తూత్’ అని ఇంకో మాట, ముందూ త, వెనకా త. ఆ వాక్యం రాసినవాడికి నా మీద ఏదో పాత కక్ష ఉన్నట్టుంది.

ఆ చివరి సంవత్సరంలోనే ఓరల్ పరీక్ష. బయటి నుంచి ఒక పెద్దాయన వస్తాడు, పాఠంలో ఒక ముక్క పైకి చదవమంటాడు, ఒకటి రెండు ప్రశ్నలు అడుగుతాడు. చదవడం అంటే మాట మార్చడానికి వీల్లేదు. నా దొంగదారులన్నీ మూసుకుపోయినట్టే. నాకు ఆ పొలాల ముక్కే వచ్చింది. ‘ఇల్’ అన్నాను, అంటే వాళ్లు. తరవాతి మాట దగ్గర నాలుక పైకి పోయింది. దిగలేదు. ఆయన ఎదురుచూశాడు. ఫ్యాను తిరుగుతోంది. మేడం నా వంక చూసి తల ఊపింది, ఫరవాలేదు అన్నట్టు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ త మాత్రం రాలేదు. ఆయన నెమ్మదిగానే “తరవాతి వాళ్లని రమ్మనండి” అన్నాడు.

మిగతా పేపర్లన్నీ పాసయ్యాను. ఓరల్ పాసైతేగానీ డిగ్రీ చేతికి రాదు. మళ్లీ ఒక అవకాశం ఉంటుందనీ, అది కూడా పోతే ఆ పేపరు మొత్తం మొదటి నుంచి చదవాలనీ ఆఫీసులో చెప్పారు. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. నాన్న “పోతే పోయిందిలే, కొట్టుంది గదా మనకి” అన్నాడు. కొట్టంటే ఆయన ఉద్దేశం వెనక గది. పప్పుల బస్తాల మధ్య, మాట్లాడే పని లేని చోట. ఆ ఒక్క మాటా పలకలేకపోతే నా బతుకంతా ఆ గదిలోనే అని నాకు అర్థమైపోయింది. ఏడవలేదు. చచ్చినా ఆ గదికి పోనని పళ్లు కొరుక్కున్నాను.

ఇక ఇంట్లో సాధన. ఫోన్లో ఆ మాట టైపు చేస్తే ఒక ఆడమనిషి గొంతు పలికేది. ఆవిడ వంద సార్లయినా విసుక్కోకుండా పలికేది, నేను వంద సార్లూ విసుక్కునేదాన్ని. నాయనమ్మకి ఇదంతా వింతగా ఉండేది.

“ఏందే ఆ ముక్కుతో మాట్టాట్టం? జలుబు చేసిందా ఆవిడకి?”

“ఫ్రెంచి, నాయనమ్మా.”

“ఏమంటాందీ?”

“వాళ్లు పనిచేసేవాళ్లు, అంటోంది.”

ఫోన్లో ఆ మాట చూపించమంది. కళ్లద్దాలు సర్దుకుని అక్షరాలన్నీ వేలు పెట్టి చూసింది. తెలుగు తప్ప మరొకటి చదవడం రాదు కానీ పొడుగెంతో తెలుస్తుంది కదా. “ఇంత రాసి అంతేనా పలికేది? ఇది తూకంలో కొట్టటం గదే!” అంది. వ్యాపారస్తురాలు, దేన్నైనా కాటాలో వేసే చూస్తుంది.

ఆ ఏడు శివరాత్రికి నాయనమ్మ కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లింది. ఊళ్ల నుంచి ఊరేగి వచ్చే ఎత్తైన ప్రభలు చూసి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వచ్చింది. వచ్చిన మర్నాడే ఇంట్లోకి కందులు కొలవాల్సిన పని పడింది. కొట్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంది, అందరికీ దాంతోనే తూస్తాం. కానీ ఇంట్లో తినే కందులు మాత్రం నాయనమ్మ మానికతోనే కొలవాలి. వాళ్ల అత్తగారి నాటి ఇత్తడి మానిక అది, అంచు అరిగి నున్నగా అయిపోయింది. ఏటా రాశి ముందు కూర్చుని తనే కొలుస్తుంది, తనే లెక్క పాడుతుంది. కొలతలో మా వాళ్లెవరూ ఒకటి అనరు. మొదటి మానికకి “లాభం” అంటారు. తరవాత రెండు, మూడు. ఏడు దగ్గరికొచ్చేసరికి ఏడవమన్నట్టు ఉంటుందని ఆరున్నొకటి అంటారు. ఒక మానిక డబ్బాలో పడి రెండో మానిక నిండేదాకా అంకెని సాగదీస్తూనే ఉండాలి, మధ్యలో ఆగకూడదు. ఆగితే మళ్లీ మొదటికి రావాలి. అది నాయనమ్మ చట్టం.

ఆ రోజు ఆవిడ గొంతు లేవడం లేదు. మానిక పట్టుకుని నా వంక చూసి, “లెక్క నువ్వు చెప్పవే” అని గుసగుసగా అంది.

“నేనా?”

“ఇంకెవురున్నారే ఇక్కడ?”

నాన్న ముందర బేరంలో ఉన్నాడు. సరే, ఇంట్లోనే కదా అని మొదలుపెట్టాను. “లాభం... లాభం... లాభం.” నాయనమ్మ చెయ్యి డబ్బా మీదికి వెళ్లింది, కందులు జల్లుమని పడ్డాయి. “రెండు... రెండు.” మళ్లీ జల్లుమన్నాయి. ఆవిడ చెయ్యి ఆగదు కాబట్టి నేనూ ఆగడానికి లేదు. మానిక ముంచడం, అంచు మీద పొంగినవి చేత్తో తల కొట్టడం, పొయ్యడం, దాంతో పాటే నా గొంతూ పోతోంది. మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి. పదకొండు దాకా వచ్చాక గాని గమనించలేదు. తొమ్మిది దాటేశాను! ఎప్పుడు దాటానో నాకే తెలియదు. ‘తొమ్మిది’ అన్న మాట నేను పుట్టి బుద్ధెరిగాక గొంతెత్తి ఒక్కసారిగా అన్నది లేదు. ఇంటర్లో తొమ్మిదున్న హాల్ టికెట్ నంబరు చెప్పాల్సొస్తే రాసి చూపించేదాన్ని.

నోరు తెరుచుకుని ఉండిపోయాను.

“ఏందే ఆపావ్?” నాయనమ్మ గొంతు చించుకుని కీచుమంది. “పోయింది లెక్క! మళ్లా మొదటి నుంచి!”

డబ్బా బోర్లించింది. ఆవిడ కోప్పడితే నాకు అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. మళ్లీ లాభం నుంచి మొదలు. ఈసారి తొమ్మిది వస్తోందని ముందే తెలుసు, ఎనిమిది దగ్గర నాలుక బిగుసుకోబోయింది. కానీ నాయనమ్మ చెయ్యి అప్పటికే డబ్బా మీదికి వచ్చేసింది. ఆ చెయ్యి చూస్తూ “తొమ్మిది... తొమ్మిది...” అన్నాను. వచ్చింది. బాబోయ్, వచ్చింది!

అప్పుడు తట్టింది నాకు. త్ర, వ, యె. మూడే మానికలు కదా. మూడిటికీ ఒకటే తూకం, ఆఖర్దాన్ని సాగదీయాలి. మేడం చెప్పిందీ అదే, నాయనమ్మ చట్టమూ అదే.

“నాయనమ్మా, ఇంకో మూడు మానికలు పొయ్యి.”

“కందులు అయిపొయినయ్యే.”

“ఊరికే, పోసినట్టు చెయ్యి.”

నా మొహంలో ఏం కనిపించిందో గానీ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఖాళీ మానిక ఎత్తి వొంచింది. నేను మనసులో లాభం అనుకుని పైకి “త్ర” అన్నాను. మనసులో రెండు, పైకి “వ”. మనసులో మూడు, పైకి “యె...” అని ఆవిడ మళ్లీ చెయ్యి ఎత్తేదాకా సాగదీశాను. నాయనమ్మ అనుమానంగా చూసింది. “కందులకి కొత్త పేరా?” అంది. నేను పకపకా నవ్వాను. ఆ తరవాత పరీక్ష దాకా రోజూ కాసేపు ఖాళీ మానికతో కూర్చోబెట్టి ఆవిణ్ణి విసిగించాను. “చానా పిచ్చి పట్టిందే నీకు” అనేది, చెయ్యి మాత్రం ఊపేది. గొంతు బాగుపడ్డాక కూడా ఊపింది.

పరీక్ష రోజు ఫిరంగిపురం మీదుగా బస్సులో గుంటూరు వెళుతూ దారంతా కిటికీ పక్కన కుడిచెయ్యి ఊపుకుంటూనే ఉన్నాను. పక్క సీటు ఆవిడ జరిగి కూర్చుంది.

ఈసారి పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. తెలుగు రాదు. మొహంలో నవ్వు అనే వస్తువే లేదు. పక్కన మా మేడం. చదవమని కాయితం నా ముందు పెట్టాడు. అదే పొలాల కుటుంబం. మొదటి వాక్యాలు గడిచాయి. ‘ఇల్’ అన్నాను. అంతే, నాలుక అదే పాత చోటికి పోయి అంటుకుపోయింది. మనసులో లాభం అనుకుందామంటే మనసంతా ఖాళీ. పోయినసారి తిరిగిన ఫ్యానే పైన తిరుగుతోంది. వెనక గది కళ్ల ముందుకొచ్చింది, బస్తాలతో సహా.

నా కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఆయన బల్ల మీద, కాయితాల మధ్యలోకి వంగి, లేని కందుల్ని ముంచుకుంది. మనసులో అనుకోవాల్సిన మాట కాస్తా పైకే వచ్చేసింది.

“లాభం!” అన్నాను, కొట్టు ముందర నాయనమ్మ అన్నంత గట్టిగా. “త్ర! రెండు! వ! మూడు! యె...”

పరీక్ష గదిలో కందులు కొలిచాను. ఇంతకంటే పరువు తక్కువ పని ఇంకొకటి ఉంటుందా? పెద్దాయన కలం పక్కన పెట్టాడు. మేడం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా చెవులు కాలిపోతున్నాయి. కానీ గాడిలో పడ్డాను కదా, చెయ్యి ఆపలేదు. ఆపితే మళ్లీ మొదటికి రావాలి. ఈసారి అంకెలు మింగేసి, “ఇల్ త్ర-వ-యె తూత్ లా జూర్నే” అని వాక్యం మొత్తం గాలిలో మానికలు వొంచుతూ పోసేశాను. వాక్యం చివర్న చెయ్యి దించాను.

ఆయన ఇంగ్లీషులో అడిగాడు, మొదట అన్నదేమిటని. మేడం అందుకుంది. మా వైపు కొలతల్లో ఒకటి అనరనీ, మొదటి కొలతని లాభం అంటారనీ, ఈ అమ్మాయి ఇంటివాళ్లు పప్పుల వ్యాపారస్తులనీ చెప్పింది. ఆయన విన్నాడు. నవ్వలేదు. కలం తీసుకుని, ఆ మాటని మూడు భాగాలుగా సరిగ్గానే విడగొట్టిందనీ, చివరిదాన్ని నిలిపిన తీరు బాగుందనీ అన్నాడు. ‘తరవాతి వాక్యం’ అన్నట్టు వేలు చూపించాడు. తరవాతి వాక్యంలో రెండు చోట్ల ఆగాను. ప్రశ్నలకి జవాబు చెప్పేటప్పుడు ఇంకో చోట. ఆయన ఎదురుచూశాడు. నేను చెయ్యి ఊపుకున్నాను. ఎవరూ మాట అందించలేదు.

వరండాలో కూర్చున్నాను. చాలాసేపటికి మేడం బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, “ఆయ్, గట్టెక్కావమ్మా! ఇంటికెళ్లి ఆ కందులు వండించుకు తిను” అంది. అప్పుడు ఏడ్చాను. ఇన్నేళ్లుగా గుండెల మీద ఉన్న బస్తా ఎవరో దించి పక్కన పెట్టినట్టయింది. బస్సెక్కాక కూడా ఏడుపు ఆగలేదు, పోనీలే అని ఆపలేదు.

నరసరావుపేటలో దిగేసరికి నాన్న స్కూటరు వేసుకుని బస్టాండ్‌కి వచ్చి ఉన్నాడు. ఫోన్లో ‘పాస్’ అని పంపించాను కదా, మొహం వెలిగిపోతోంది. ఏమీ అడక్కుండా ఎప్పుడూ ఆగే టీ బంకు దగ్గరికి తీసుకెళ్లాడు.

“బాబాయ్, ఒక టీ, మా అమ్మాయికి కాఫీ,” అన్నాడు బంకాయనతో. ఎప్పుడూ అనే మాటే.

నేను చెయ్యి చున్నీ చాటున పెట్టుకుని ఒక మానిక వొంచాను. లాభం.

“టీ” అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగారు. “నాకూ టీయే బాబాయ్.”

“అదేందమ్మా,” అన్నాడు నాన్న. “నువ్వు కాఫీ గదా తాగేది? చిన్నప్పట్నుంచీ.”

“నాకు కాఫీ పడదు నాన్నా. ఎప్పుడూ పడలేదు.”

“మరి ఇన్నాళ్లూ...” అని మొదలుపెట్టాడు. నా వంక చూశాడు. చూస్తూ చూస్తూ ఆయనకి అర్థమైంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. నేను అందించలేదు. మాట ఆగినప్పుడు ఎవరూ అందించకపోతేనే మంచిదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఎదురుచూశాను. చివరికి ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని బంకాయన వైపు తిరిగాడు.

“రెండు టీలు పొయ్యి బాబాయ్,” అన్నాడు. కండువా మళ్లీ భుజాన వేసుకుని, “రేపటి నించి కొట్లో ముందు కూచుంటది మా అమ్మాయి,” అన్నాడు.

టీలో చక్కెర ఎక్కువైంది. అయినా రెండోది కూడా నేనే అడిగాను.